మాక్రో ఛాయాగ్రహణంలో అపెర్చర్

ఛాయాగ్రహణంలో కటకం గుండా కాంతి ప్రవేశించే ద్వారాన్ని అపెర్చర్ అంటారు. దీని పరిమాణాన్ని ఎఫ్-సంఖ్యతో సూచిస్తారు. కటకపు నాభ్యంతరాన్ని, ముందువైపు నుండి చూసినప్పుడు కనిపించే ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చేదే ఎఫ్-సంఖ్య. 50 మి.మీ. నాభ్యంతరం గల కటకంలో ఈ వ్యాసం 12.5 మి.మీ. అయితే దానిని ఎఫ్/4 అని రాస్తారు. దూరపు దృశ్యాలకు ఈ సంఖ్య సరిపోతుంది. అయితే పువ్వుల కేసరాలు, కీటకాలు, నాణేలు, హనుమకొండలోని వేయి స్తంభాల గుడి స్తంభాలపై గల సన్నని చెక్కడాలు మొదలైనవాటిని బాగా దగ్గర నుండి చిత్రించేటప్పుడు, కటకంపై గుర్తించిన ఎఫ్-సంఖ్య ఒకటి, ఫిల్ముకు లేదా సెన్సారుకు వాస్తవంగా వర్తించే ఎఫ్-సంఖ్య మరొకటి అవుతాయి. ఈ రెండవదానిని ఫలిత ఎఫ్-సంఖ్య అనవచ్చు.

కారణం

దూరంగా ఉన్న వస్తువు ప్రతిబింబం కటకం నుండి నాభ్యంతరమంత దూరంలో ఏర్పడుతుంది. వస్తువు దగ్గరయ్యే కొద్దీ ప్రతిబింబం వెనుకకు జరుగుతుంది. కనుక ఫోకస్ కుదరాలంటే కటకాన్ని సెన్సారు నుండి ముందుకు జరపాలి. గోడకు దగ్గరగా పట్టుకున్న టార్చిలైటును వెనుకకు తీసుకువెళితే వెలుగు వలయం పెద్దదై, కాంతి పలుచబడుతుంది. ఇక్కడ జరిగేది కూడా అదే. ద్వారం మారలేదు, దానినుండి వచ్చే కాంతి ఎక్కువ వైశాల్యంపై పరచుకుంది. విలోమ వర్గ నియమం ప్రకారం దూరం రెండింతలైతే సెన్సారుపై కాంతి తీవ్రత నాలుగవ వంతు అవుతుంది.

ప్రతిబింబపు పరిమాణాన్ని వస్తువు పరిమాణంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 36 × 24 మి.మీ. సెన్సారుపై 72 మి.మీ. వెడల్పు గల వస్తువు నిండుగా పడితే ఆవర్ధనం 0.5. వస్తువు తన అసలు పరిమాణంలోనే సెన్సారుపై పడితే ఆవర్ధనం 1. దీనినే 1:1 అంటారు. 2011 శ్రేణికి చెందిన రూపాయి నాణెం (వ్యాసం సుమారు 22 మి.మీ.) 1:1 వద్ద ఫ్రేము ఎత్తును దాదాపు నింపివేస్తుంది. సాధారణ కటకాలకు ఈ సూత్రం వర్తిస్తుంది:

ఫలిత ఎఫ్-సంఖ్య = గుర్తించిన ఎఫ్-సంఖ్య × (1 + ఆవర్ధనం)

అనగా 1:1 వద్ద ఎఫ్/8 అని పెట్టినది నిజానికి ఎఫ్/16 వలె పనిచేస్తుంది. నష్టం రెండు స్టాపులు. (కాంతి సగమైతే ఒక స్టాపు తగ్గినట్లు.) చేతి మీటరు ఎఫ్/8కి సెకనులో 60వ వంతు చూపితే, అవసరమయ్యేది సెకనులో 15వ వంతు. ముందునుండి, వెనుకనుండి చూసినప్పుడు ద్వారం వేర్వేరు పరిమాణాలలో కనిపించే కటకాలకు సూత్రంలో ఆవర్ధనాన్ని ఆ రెండు వ్యాసాల నిష్పత్తితో భాగించవలసి ఉంటుంది. సెన్సారు చిన్నదా పెద్దదా అన్న దానితో ఈ నష్టానికి సంబంధం లేదు, ఆవర్ధనమే ముఖ్యం.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు

ఎక్స్‌టెన్షన్ ట్యూబు అనేది కెమెరాకు, కటకానికి మధ్య అమర్చే బోలు గొట్టం. అందులో గాజు ఉండదు కనుక కాంతి నష్టం ఉండదని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. గాజు ఉన్నా లేకున్నా దూరం పెరిగిందా లేదా అన్నదే ప్రశ్న. కటకం అనంత దూరానికి ఫోకస్ చేసి ఉన్నప్పుడు, ట్యూబు పొడవును నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 50 మి.మీ. కటకానికి 25 మి.మీ. ట్యూబు చేర్చితే ఆవర్ధనం 0.5, ఎఫ్/8 ఫలితంగా ఎఫ్/12 అవుతుంది. కాంతి 2.25 రెట్లు తగ్గుతుంది. అదే ట్యూబును 200 మి.మీ. కటకానికి చేర్చితే ఆవర్ధనం ఎనిమిదవ వంతు మాత్రమే, నష్టం కూడా స్వల్పమే. కటకం ముందు బిగించే క్లోజప్ ఫిల్టరు ఈ దూరాన్ని పెంచదు కాబట్టి దానితో ఇటువంటి నష్టం చెప్పుకోదగినంత ఉండదు.

ట్యూబులతో మరొక చిక్కు ఉంది. ఆధునిక కెమెరాలు చూసేటప్పుడు ద్వారాన్ని పూర్తిగా తెరిచి ఉంచి, చిత్రం తీసే క్షణంలో మాత్రమే మూస్తాయి. విద్యుత్ స్పర్శలు లేని చౌక ట్యూబులు ఈ సంబంధాన్ని తెంచివేస్తాయి. అప్పుడు కానన్ ఈ.ఎఫ్. కటకాలలో ద్వారం పూర్తిగా తెరిచి ఉండిపోతుంది. అపెర్చర్ వలయం లేని నికాన్ జి-రకం కటకాలలో స్ప్రింగు కారణంగా అతి చిన్న ద్వారానికి మూసుకుపోతుంది. వలయం గల పాత కటకాలను చేతితో తిప్పి అమర్చుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి పాత కటకమే ఇక్కడ మేలు.

మాక్రో కటకాలు

1963లో నికాన్ వెలువరించిన 55 మి.మీ. ఎఫ్/3.5 మైక్రో-నిక్కర్ ఈ విషయంలో ఆసక్తికరమైనది. అది సొంతంగా 0.5 ఆవర్ధనం వరకు, 27.5 మి.మీ. వలయం చేర్చితే 1:1 వరకు చేరుతుంది. పై సూత్రంతో లెక్కకట్టినా ఈ వలయపు పొడవే వస్తుంది. దగ్గరగా ఫోకస్ చేస్తున్న కొద్దీ ద్వారం తనంతట తానే కొంత తెరుచుకుని కాంతి నష్టాన్ని పూడ్చే ఏర్పాటు తొలి నమూనాలో ఉండేది. ద్వారం ముందే పూర్తిగా తెరిచి ఉంటే ఈ ఏర్పాటు చేయగలిగేది ఏమీ లేదు. కటకం గుండా వచ్చే కాంతినే కొలిచే మీటర్లు వ్యాపించాక దీని అవసరం తీరిపోయింది, తరువాతి నమూనాలలో తొలగించారు.

నేటి మాక్రో కటకాలు చాలావరకు లోపలి గాజులను కదిపి ఫోకస్ చేస్తాయి. దగ్గరయ్యే కొద్దీ వాటి నాభ్యంతరం కొంత తగ్గుతుంది. అందుచేత నష్టం పూర్తిగా రెండు స్టాపులకు చేరకపోవచ్చు. నికాన్ 105 మి.మీ. ఎఫ్/2.8 వి.ఆర్. కటకం 1:1 వద్ద ఎఫ్/5.6కు బదులు ఎఫ్/4.8గా పనిచేస్తుంది, నికాన్ కెమెరా కూడా ఆ ఫలిత సంఖ్యనే చూపుతుంది. కానన్ కెమెరా మాత్రం తన 100 మి.మీ. మాక్రో కటకానికి ఎఫ్/2.8 అనే చూపుతుంది. ఒకటి మంచిదని, మరొకటి లోపభూయిష్టమని దీని అర్థం కాదు, రెండింటిలోనూ కాంతి తగ్గుతుంది. కెమెరాలోని మీటరు రెండు సందర్భాలలోనూ సరైన ఎక్స్‌పోజరు ఇస్తుంది. చేతి మీటరు, చేతితో శక్తిని అమర్చే ఫ్లాష్ వాడేవారు మాత్రం లెక్క వేసుకోక తప్పదు.

వివర్తనం

మీటరు ఎక్స్‌పోజరును సరిదిద్దుతుంది కానీ వివర్తనాన్ని సరిదిద్దలేదు. చిన్న ద్వారం గుండా వెళ్ళే కాంతి కొంత వంగి, బిందువు స్థానంలో చిన్న బిళ్ళ వంటి ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. ఆకుపచ్చ కాంతికి మిల్లీమీటరులో వెయ్యవ వంతులలో ఆ బిళ్ళ వ్యాసం సుమారు 1.34 × ఫలిత ఎఫ్-సంఖ్య. 1:1 వద్ద ఎఫ్/16 పెడితే ఫలితం ఎఫ్/32, బిళ్ళ వ్యాసం 43. ఇదే పరిమాణపు 24 మెగాపిక్సెల్ సెన్సారులో ఒక పిక్సెల్ వెడల్పు 6 మాత్రమే. ఎఫ్/16 అనుకుని తీసిన చిత్రం మెత్తబడటానికి కారణం తరచుగా కటకం కాదు, ఈ మరచిన గుణకారమే.

వేయి స్తంభాల గుడి చెక్కడాలు

కాకతీయ రుద్రదేవుడు 1163లో హనుమకొండలో నిర్మించిన వేయి స్తంభాల గుడి మంటపంలో పగటిపూట కూడా కాంతి తక్కువ. స్తంభాల చెక్కడం సన్నగా ఉన్నా, దానికి లోతు ఎక్కువ. 72 మి.మీ. వెడల్పు గల భాగాన్ని పైన చెప్పిన సెన్సారుపై నింపితే ఎఫ్/8 వద్ద స్పష్టంగా కనిపించే లోతు సుమారు 3 మి.మీ. ఎఫ్/16 వద్ద అది 6 మి.మీ.కు చేరుతుంది, అయితే ఫలితం ఎఫ్/24 అయి వివరాలు మెత్తబడతాయి, షట్టరు కూడా నెమ్మదిస్తుంది. చేతిలో కెమెరాతో అది కష్టం. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం కనుక స్టాండు వాడటానికి ముందుగా అనుమతి తీసుకోవాలి.

అనుమతి ఉన్నప్పుడు ఎఫ్/8 వద్దనే ఫోకస్‌ను కొద్దికొద్దిగా మార్చుతూ పలు చిత్రాలు తీసి కంప్యూటరులో కలపడం మేలు. లేనప్పుడు కొంత వెనుకకు జరిగి 144 మి.మీ. వెడల్పును ఫ్రేములోకి తీసుకోవాలి. ఆవర్ధనం 0.25కు తగ్గి, ఎఫ్/8 వద్దనే లోతు సుమారు 10 మి.మీ. అవుతుంది, ఫలిత సంఖ్య కూడా ఎఫ్/10 దాటదు. కావలసిన భాగాన్ని తరువాత కత్తిరించుకోవచ్చు. కత్తిరించడంలో పిక్సెళ్ళు, వాటితోపాటు కొంత లోతు పోయినా, 6 మి.మీ. లోతు గల చెక్కడం మొత్తం గుర్తించదగినట్లు నిలుస్తుంది. శిల్పాన్ని నమోదు చేయదలచినవారికి కావలసింది అదే.