బడి మడి: పిల్లలకు రోజూ ఒక పని

జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగితే పిల్లలకు అలవాటు రాదండి. రోజూ చేసే పని ఇవ్వాలి. మా ఊరి బడిలో నేను చెప్పేది ఇదే: ఇంటికెళ్లేటప్పుడు బాటిల్‌లో మిగిలిన నీళ్లు, వంటగదిలో బియ్యం కడిగిన నీళ్లు తోటకూర మడికే పోయాలి. కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు కంపోస్టు గుంతలో వేయాలి.

జీవామృతం కొలత: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, బెల్లం, శనగపిండి 200 గ్రాముల చొప్పున, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ రెండుపూటలా కలపాలి. వీడియోలో చూడండి. ఆకుల మీద పడకుండా మట్టికే పోయించండి. తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి.

నెల తిరక్కుండానే ఆ తోటకూర మధ్యాహ్న భోజనం పప్పులోకి వస్తుంది. తాము పెంచిన ఆకును కంచంలో వదిలేయాలంటే పిల్లలకే మనసొప్పదు. మీ ఊరి బడికి ఒక బకెట్ పేడ, గుప్పెడు విత్తనాలు మీరే ఇవ్వండి.