విన్నది విన్నట్లు చెప్పు స్వాతంత్ర్యము



నా చిన్నతనమున మా యూర దండోరా వేయు పెద్దమనిషి యొకడుండెడివాడు. శిస్తు గడువైనను, చెఱువుగట్టు పనికి మనుష్యులు కావలసినను, అతడు డప్పు వాయించి వీధివీధిని చాటెడివాడు. ఒకనాడు అతడు శిస్తు పెరిగినదని చాటుచుండగా, వినినవారిలో నొకడు కోపము పట్టజాలక అతనిమీద చేయెత్తెను. అంతట మా తాతగారు అరుగుమీదనుండి లేచి, “అతనినేల కొట్టెదవు? మాట సర్కారుది, డప్పు మాత్రమే యతనిది. నేడు ఇతనిని కొట్టినచో రేపు మనకు కబురు చెప్పువాడెవ్వడు?” అని మందలించిరి.

నేను నేడు మీకు విన్నవింపబోవు శాసనముయొక్క సారమంతయు ఆ మాటలలోనే యిమిడియున్నది. దానిని తెచ్చినవాడు మంత్రి కాడు. లోకసభలో నొక సామాన్య సభ్యుడు. అతని పేరు ఫిరోజ్ గాంధీ.

ముందుగా చిక్కెక్కడనున్నదో చూతము. పార్లమెంటులో సభ్యుడు పలికిన మాటకై అతనిని ఏ న్యాయస్థానమును విచారింపజాలదు. రాజ్యాంగమునందలి 105వ అనుచ్ఛేదము ఈ యభయము నిచ్చినది. సభవారి యాజ్ఞచే అచ్చగు నివేదికలకును ఈ యభయము కలదు. కాని ఆ లావుపాటి సంపుటములను తెప్పించుకొని చదువువారెందఱు? మనకు సభావార్త తెలియునది పత్రికవలన, రేడియోవలన. ఆ పత్రికకు మాత్రము రక్షణ లేకుండెను. 1860 నాటి శిక్షాస్మృతిలో, న్యాయస్థానమున జరిగిన విచారణను యథార్థముగా ప్రకటించినచో అది పరువునష్టము కాదని స్పష్టముగా చెప్పిరి. చట్టసభలలో జరిగిన చర్చనుగూర్చి అట్టి మాట చెప్పలేదు.

దీని ఫలితమేమి? ఒక సభ్యుడు ధనవంతుడైన యొక వ్యాపారి చేసిన మోసమును సభలో బయటపెట్టెననుకొనుడు. పలికిన సభ్యుడు నిర్భయముగా ఇంటికి పోవును. ఆ మాటలనే అక్షరము మార్పక అచ్చువేసిన సంపాదకుడు ముద్దాయియై బోనెక్కవలసివచ్చును. అట్టి యపాయమున్నప్పుడు సంపాదకుడేమి చేయును? పేర్లు కొట్టివేయును, పదును తగ్గించును. సభలో జరిగినది ఒకటి, ఊరికి చేరునది వేఱొకటి యగును.

ఫిరోజ్ గాంధీ 1912లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబమున జన్మించెను. జవహర్‌లాల్ నెహ్రూగారికి అల్లుడు; ఇందిరాగాంధీగారికి భర్త. స్వాతంత్ర్యోద్యమమున కారాగారమున కేగినవాడు. లక్నో నగరమున నేషనల్ హెరాల్డ్ పత్రిక నిర్వహణభారమును వహించినవాడగుటచే, పత్రికవారి బాధలు అతనికి పరులు చెప్పి తెలిసినవి కావు. 1952లో రాయబరేలీ ప్రాంతమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1955 డిసెంబరులో, ప్రజలు జీవిత భీమాకై కట్టిన సొమ్ము ఒక వ్యాపారి చేతిలో ఏ విధముగా దుర్వినియోగమైనదో సభలో లెక్కలతో నిరూపించెను. మఱుసటి సంవత్సరమే జీవిత భీమా వ్యాపారమును ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొనెను. ఆ 1956లోనే, అతడు ప్రతిపాదించిన బిల్లు పార్లమెంటు చర్యల ప్రచురణ రక్షణ చట్టమైనది. మంత్రులుకాని సభ్యులు తెచ్చిన బిల్లులలో ఇంతవరకు శాసనములైనవి 14 మాత్రమే. 1970 తరువాత ఒక్కటియు లేదు. దీనినిబట్టి అది యెంత యరుదైన కార్యమో గ్రహింపవచ్చును.

ఆ శాసనము చాల చిన్నది. పార్లమెంటు సభలలో జరిగిన దానిని ముఖ్యాంశములలో యథార్థముగా ప్రకటించిన పత్రికపై సివిలుగాని క్రిమినలుగాని వ్యాజ్యము నిలువదని దాని భావము. అయితే ఇందు మూడు కట్టుబాట్లు కలవు. వార్త యథార్థమై యుండవలయును. ద్వేషబుద్ధితో ప్రకటించినదై యుండరాదు. ప్రజలకు మేలు గూర్చునదై యుండవలయును. కావున ఇది పత్రికలకు ఇచ్చిన విచ్చలవిడి కాదు. విన్నది విన్నట్లు చెప్పువానికి మాత్రమే గొడుగు.

మఱియొక విశేషము కలదు. ఈ గొడుగు పత్రికలకే గాక రేడియో ప్రసారములకును వర్తించునని అందొక సెక్షనులో వ్రాసిరి. చదువు రానివారికి రేడియోయే పత్రిక. ఊరి రచ్చబండకడ పెట్టిన పెట్టెచుట్టు కూర్చుండి వార్తలు విన్నవారు మీలో ననేకులుందురు. చదువరికి లభించిన హక్కు వినువానికిని లభింపవలయునను న్యాయము ఆ సెక్షనులో నున్నది.

ఈ శాసనమునకు పరీక్ష త్వరలోనే వచ్చినది. 1957 డిసెంబరు 16వ తేదీన ఫిరోజ్ గాంధీ మరల సభలో లేచి, జీవిత భీమా సంస్థ ముంధ్రా అను వ్యాపారి కంపెనీల వాటాలలో కోటి రూపాయలకు మించిన సొమ్మును పెట్టిన వైనమును ప్రశ్నించెను. ఆ సొమ్ము భీమా కట్టిన సామాన్యులది. అతడు ప్రశ్నించినది తన పక్షపు ప్రభుత్వమునే, తన మామగారు ప్రధానిగా నున్న ప్రభుత్వమునే. పత్రికలు ఆ ప్రసంగమును నిర్భయముగా ప్రకటించినవి. న్యాయమూర్తి చాగ్లాగారు బొంబాయిలో బహిరంగముగా విచారణ జరిపిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు పదవిని వీడిరి.

ఇక ఈ గొడుగునకు గల హద్దులను చెప్పవలయును. ఇది పార్లమెంటు వార్తలకే గాని రాష్ట్రముల శాసనసభల వార్తలకు వర్తింపలేదు. మఱియు ఇది న్యాయస్థానములలోని వ్యాజ్యములనుండి కాపాడును గాని, సభయే తన హక్కునకు భంగము కలిగినదని కోపించినచో కాపాడదు. 1957లో పాట్నాలోని సెర్చ్‌లైట్ పత్రిక, బీహారు శాసనసభలో సభాధ్యక్షుడు తొలగింపుమన్న ప్రసంగభాగములను ప్రకటించినందున అట్టి కోపమునకు గురియయ్యెను. 1958లో సుప్రీంకోర్టున నలుగురు న్యాయమూర్తులు సభ హక్కే మిన్నయని తీర్పు చెప్పగా, పత్రికాస్వాతంత్ర్యమును సమర్థించుచు భిన్నముగా వ్రాసినవారు ఒక్కరే. వారు మన రాజమహేంద్రవరమువారైన కోకా సుబ్బారావుగారు. అనంతరము 1966లో వారే భారత ప్రధాన న్యాయమూర్తి యైరి.

ఫిరోజ్ గాంధీ 1960 సెప్టెంబరు 8వ తేదీన, నలువది యెనిమిదేండ్లు నిండకుండగనే గతించెను. ఆపై జరిగిన కథ చెప్పుటకు నాకు మనసు బరువగుచున్నది. 1975 జూనులో దేశమున అత్యవసర పరిస్థితి విధించిరి. పత్రికలపై ముందస్తు తనిఖీ పెట్టిరి. 1976లో ఫిరోజ్ గాంధీ చట్టమును రద్దుచేసిరి. అప్పుడు ప్రధానమంత్రి అతని భార్యయే. భర్త నాటిన చెట్టును ఆమె ప్రభుత్వమే నఱకినది. నేనెవ్వరినో నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. ఒక్క శాసనముచే వచ్చిన రక్షణ మఱియొక శాసనముచే పోవునని తెలియుటకు చెప్పుచున్నాను.

1977లో ప్రభుత్వము మారగనే ఆ చట్టమును మరల తెచ్చిరి. అంతటితో ఆగక, 1978లో చేసిన 44వ సవరణచే 361-ఎ అను అనుచ్ఛేదమును రాజ్యాంగమునందే చేర్చిరి. పార్లమెంటునకే గాక రాష్ట్ర శాసనసభల వార్తలకును, పత్రికలకే గాక రేడియోకును అది వర్తించును. సభ రహస్యముగా సమావేశమైనప్పటి సంగతులకు మాత్రము రక్షణ లేదు. రాజ్యాంగమున నాటిన దానిని పెకలించుట సామాన్య శాసనమును రద్దుచేసినంత సులభము కాదు.

రేడియోనుగూర్చి యింకొక మాట. చెప్పువానికి రక్షణ యున్నను, డప్పు సర్కారు చేతిలోనే యున్నచో ఏది చాటవలయునో సర్కారే నిర్ణయించును. ఆకాశవాణిని స్వతంత్రసంస్థ చేయుటకై 1990లో ప్రసారభారతి చట్టమైనది. కాని ఏడేండ్లు అమలు లేక కాగితముపైననే పడియుండెను. 1997లో సమాచారమంత్రిగా నుండి దానిని అమలులోనికి తెచ్చినవారు తెలంగాణమువారైన సూదిని జైపాల్ రెడ్డిగారు. ఐనను ఆ సంస్థకు కావలసిన సొమ్ము నేటికిని విశేషముగా ప్రభుత్వమునుండియే రావలసియున్నది. చట్టమగుట యొకటి, అమలగుట యొకటి, నిలుచుట వేఱొకటి.

పెద్దలారా! ఈ స్వాతంత్ర్యము పత్రికవారి సొత్తని తలంపకుడు. ఓటు వేసి సభ్యుని పంపినవారు మీరు. అతడక్కడ నోరు తెఱచెనో లేదో, తెఱచిన ఎవరి పక్షమున పలికెనో మీకు తెలియవలయును. తెలియనినాడు మీ ఓటు చీకటిలో విసరిన రాయి. మీ గ్రామసభ తీర్మానమును బయట చెప్పినవానిని ఎవ్వరైన బెదరించినచో, మా తాతగారివలె అరుగుమీదనుండి లేవుడు. చెప్పినవాడు విన్నదానికి ఒక్క మాట చేర్చియున్నచో అతనినే మందలింపుడు. విన్నది విన్నట్లు చెప్పియున్నచో, అతనిమీదికెత్తిన చేతిని పట్టుకొనుడు.