మూడో పెడలు

పిల్లలూ! మీలో ఎవరైనా కడప నుంచి రాయచోటికి బస్సులో వెళ్ళారా? ఆ దారి పాలకొండలను దాటే చోటును గువ్వలచెరువు ఘాటు అంటారు. గువ్వలచెరువు పాలకోవ రుచి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఈసారి అటు వెళితే కోవ పొట్లం కాసేపు పక్కన పెట్టి, చెవులు రిక్కించి వినండి. ఎత్తు ఎక్కుతుంటే బస్సు మూలుగుతుంది. డ్రైవరు ఎడమకాలితో ఒక పెడలు నొక్కి, ఎడమచేత్తో గేరు పుల్ల మారుస్తాడు. వెంటనే శబ్దం మారుతుంది. బస్సు నెమ్మదిగానైనా తడబడకుండా ఎక్కిపోతుంది.

ఇంతకూ ఆ పుల్ల ఎందుకు? అది లేని కార్లు ఎలా నడుస్తున్నాయి? అటువంటి పాత కారుకు గేరు పుల్లను తెచ్చి అమర్చవచ్చునా? ఈ మూడు ప్రశ్నలకూ ఈ నెల జవాబులు వెతుకుదాం.

ఎద్దును చూడండి. అది నిలుచున్న చోటు నుంచే బలమంతా పెట్టి బండిని కదిలించగలదు. పెట్రోలు ఇంజనుకు ఆ శక్తి లేదు. అది నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతూ ఉంటేనే బతికి ఉంటుంది. అంతకంటే తగ్గితే ఆగిపోతుంది. కాని కారు చక్రాలు ఒక్కోసారి అసలు తిరగకుండా నిలబడాలి, ఒక్కోసారి మెల్లగా తిరగాలి, ఒక్కోసారి వేగంగా తిరగాలి. ఈ ఇద్దరికీ పొత్తు కుదర్చడానికే క్లచ్చి, గేరుపెట్టె అవసరమైనాయి.

ఒక చిన్న లెక్క చేయండి. కదలకుండా నిలబెట్టిన సైకిలుకు తొక్కుడు దగ్గర ఉన్న పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళో, వెనుక చక్రానికి ఎన్ని పళ్ళో లెక్కపెట్టండి. ముందు 48, వెనుక 16 ఉన్నాయనుకుందాం. 48ని 16తో భాగిస్తే 3. అంటే మీరు ఒక చుట్టు తొక్కితే వెనుక చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. వేగం ఎక్కువ, కాని ఎదురు మెట్ట వస్తే తొక్కలేరు. వెనుక చక్రానికి 32 పళ్ళు ఉంటే ఒక చుట్టుకు చక్రం ఒకటిన్నర చుట్లే తిరుగుతుంది. వేగం సగం అయింది, బలం రెట్టింపు అయింది. ప్రకృతి ఇచ్చే బేరం ఇదే: బలం కావాలంటే వేగం వదులుకోవాలి, వేగం కావాలంటే బలం వదులుకోవాలి. బేతంచెర్ల నాపరాళ్ళు నింపుకున్న లారీ మొదటి గేరులో నత్తలా కదలడానికి కారణం కూడా ఇదే.

క్లచ్చి అంటే ఒకదానికొకటి అదుముకొని ఉన్న పళ్ళాల వంటిది. ఇంజనుతో పాటు ఒక బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దానికి గేరుపెట్టె వైపు పళ్ళెం అతుక్కుంటే బలం చక్రాలకు పోతుంది. పెడలు నొక్కితే పళ్ళెం విడిపోతుంది. అప్పుడు గేరు మార్చుకోవచ్చు.

ఈ పని మనిషి చేయకుండా యంత్రమే చేసుకోలేదా అని ఇంజనీర్లు చాలాకాలం ఆలోచించారు. అమెరికాలో జనరల్ మోటార్సు వారు 1939లో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టెను ప్రకటించి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమర్చారు. దాని కిటుకు ఏమిటంటారా? రెండు విద్యుత్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే కరెంటు ఇస్తే దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా! ఇక్కడ గాలికి బదులు నూనె. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అది విసిరిన నూనె ఎదుటి రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. మధ్య ఇనుప పట్టు లేదు కనుక, కారు ఆగినా ఇంజను ఆగదు. వెనుక ఉన్న గేర్లు సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగినట్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. వాటిలో దేనిని ఎప్పుడు బిగించాలో నూనె ఒత్తిడే చూసుకుంటుంది.

మన దేశపు పాత కార్లకు ఈ భోగం లేదు. 1958 నుంచి ఉత్తరపారాలో తయారైన అంబాసిడరుకు చాలాకాలం గేరు పుల్ల స్టీరింగు పక్కనే ఉండేది. 2014లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడాదే అంబాసిడరు తయారీ ఆగిపోయింది. ఆ ఏడాదే మారుతి సెలెరియో కారులో, మామూలు గేరుపెట్టెనే ఉంచి, క్లచ్చి నొక్కే పని, గేరు మార్చే పని యంత్రానికి అప్పగించారు.

ఇక మూడో ప్రశ్న. ఆటోమేటిక్ గేరుపెట్టెకు నూనే ప్రాణం. ఏళ్ళు గడిచి నూనె మాడి, లోపలి పళ్ళాలు అరిగితే, ఇంజను అరుస్తుంది గాని కారు కదలదు. దానిని బాగుచేసే మేస్త్రీలు, విడిభాగాలు దొరకడం కష్టం. అందుచేత విదేశాలలో పాత కార్లంటే ఇష్టమున్నవారు కొందరు దానిని తీసేసి, పుల్ల ఉన్న గేరుపెట్టె పెట్టుకుంటారు. అదే కారును కంపెనీవారు రెండు రకాలుగానూ అమ్మి ఉంటే పని సులువు, భాగాలన్నీ సరిపోతాయి.

అయితే పెట్టె ఒక్కటి మారిస్తే చాలదు. ఇంజను వెనుక ఉన్న పలుచని పళ్ళెం తీసి, బరువైన చక్రం వేయాలి. దానిమీద క్లచ్చి, ఇంజను ఇరుసు చివర చిన్న బేరింగు అమర్చాలి. వెడల్పాటి బ్రేకు పెడలు తీసి, సన్నదాన్ని పెట్టి, పక్కన మూడో పెడలు బిగించాలి. కొత్త పెట్టె పొడవు వేరు కావచ్చు. అప్పుడు వెనుక చక్రాలకు పోయే పొడవాటి ఇరుసును కూడా మార్చాలి. నూనె చల్లబరిచే గొట్టాలు మూసేయాలి. ఆటోమేటిక్ కారు 'పి' లేక 'ఎన్' అనే గుర్తు దగ్గర పుల్ల ఉంటేనే స్టార్టు అవుతుంది. ఆ తీగలను సవరించాలి. వెనుకకు పోయేటప్పుడు వెలిగే దీపానికి కూడా దారి చూపాలి. మనదేశంలో అయితే ముందే రవాణాశాఖవారిని అడగాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాల మార్పులను గురించే చెబుతుంది.

అన్నిటికంటే ముఖ్యం మరొకటి ఉంది. 'పి' గుర్తు చక్రాలకు తాళం వంటిది. మార్పు తరువాత ఆ తాళం ఉండదు. కనుక చేతిబ్రేకు గట్టిగా ఉన్నదా అని ముందే పరీక్షించాలి.

మరి ఇంత చేస్తే లాభమేమిటి? మార్పు చేసినంత మాత్రాన కారు క్షేమమైనది అయిపోదు. ఘాటు దిగేటప్పుడు చూడండి. 10 టన్నుల లారీ 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ ఎత్తులో దాగిన శక్తి ఎక్కడికి పోతుంది? బ్రేకులే భరిస్తే అంతా వేడిగా మారుతుంది. ఆ వేడితో గోరువెచ్చని నీరు సుమారు 33 లీటర్లు సలసల మరిగే దాకా కాచవచ్చు! బ్రేకులు అంత వేడెక్కితే పట్టు తప్పుతాయి. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని అనుభవజ్ఞులు చెబుతారు. తక్కువ గేరులో చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది, ఇంజను మొరాయిస్తుంది, బండి అదుపులో ఉంటుంది. డీజిలు ఆదా అవుతుందని గేరు తీసేసి జారుతూ దిగడం ప్రాణాలతో ఆట. ఆటోమేటిక్ కార్లలో కూడా తక్కువ గేరులో నిలిపే ఏర్పాటు ఉంటుంది. దానిని వాడనివారికి మూడో పెడలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

పోలియో వల్లనో, ప్రమాదం వల్లనో ఎడమకాలు పట్టు తప్పినవారు ఉంటారు. వారికి మూడో పెడలు అడ్డుగోడ; ఆటోమేటిక్ కారు రెక్కలు. కనుక ఏది మంచిదని అడిగేవారిని, ముందు "ఎవరికి? ఏ దారికి?" అని అడగండి.

పెద్దలకు ఒక మాట: జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కింద ఎవరినీ దూరనివ్వకండి, పిల్లలను అసలే పోనివ్వకండి.

పిల్లలకు ఒక లెక్క: 15 టన్నుల లారీ 200 మీటర్ల ఎత్తు దిగితే, ఆ వేడికి ఎంత నీరు మరుగుతుంది? పైన చెప్పిన 33 లీటర్లను ఆధారంగా తీసుకొని చేయండి. 100 లీటర్ల దరిదాపుల్లో వస్తే మీ లెక్క సరైనదే.