పాచి – కంటికి కానరాని కాపురము

పాచి అను మాట మన యిండ్లలో ప్రతిదినము వినవచ్చునదే. నీళ్ళతొట్టిలో పాచి, నూతిమెట్లపై పాచి, తెల్లవారగనే పాచిపళ్ళు, పాచినోరు. తడితావుల నంటుకొను జిగురుపొర నంతటిని మన పెద్దలు ఈ యొక్క మాటతోనే పిలిచిరి. మెట్లపై పాచియందు పచ్చని నాచు గూడ కలిసియుండును గాని, ఆ జిగురులో బాక్టీరియాలకును పెద్దపాలు కలదు. శాస్త్రజ్ఞులు ఇట్టి పొరను బయోఫిల్ము అందురు. ఇది ఎట్లేర్పడునో, పశువుల దేహములందును మన బిడ్డల నోళ్ళయందును ఏమి చేయునో తలిదండ్రులు తెలిసికొనుట మంచిది. ఏలయన పాడిపశువుపై ఆధారపడిన కుటుంబములు హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో పెక్కు గలవు.

బాక్టీరియాలు ఏకకణజీవులు. నీటియందు విడివిడిగా తేలియాడునప్పుడు అవి బాటసారులవంటివి. తడిగల తలము దొరకినచో దానిని తాకి నిలుచును. మొదట ఆ పట్టు వదులుగా నుండును, కడిగిన పోవును. కొన్ని గంటలకు చక్కెరజాతి పదార్థములు, మాంసకృత్తులు కలిసిన జిగురును స్రవించి గట్టిగా అంటుకొని, అక్కడనే వృద్ధినొందును. అవి కొన్ని రసాయనద్రవ్యములను బయటికి విడుచుచుండును. గుంపు పెరిగినకొలది ఆ ద్రవ్యమును చిక్కనగును. దానినిబట్టి తమ సంఖ్య తగినంత యైనదని గ్రహించి, అన్నియు కలిసి నడవడి మార్చుకొనును. జిగురు నడుమ నీరు, ఆహారము పారుటకు సన్నని కాలువలేర్పడును. పొర ముదిరిన పిదప కొన్ని విడివడి క్రొత్తతావులకు వలసపోవును.

హాలెండు దేశపు గుడ్డలవర్తకుడు లీవెన్‌హుక్ తన పళ్ళపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు కదలాడు ప్రాణులను గూర్చి 1683 లో లండనులోని రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. వెనిగరుతో నోరు పుక్కిలించినను పాచి పైభాగమున నున్నవి మాత్రమే చచ్చుననియు, లోపలివి బ్రతికియుండుననియు ఆయనయే పిదప గుర్తించెను. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు.

సూక్ష్మజీవులన్నియు శత్రువులు కావు. గడ్డిలోని పీచును ఆవు తానుగా జీర్ణించుకొనజాలదు. రూమెన్ అనబడు దాని మొదటి జీర్ణాశయమున ఒక్క మిల్లీలీటరు రసములో సుమారు 1,000 కోట్ల బాక్టీరియాలుండును. వానిలో పెక్కు గడ్డిపరకల నంటి పొరకట్టి, పీచును విడగొట్టును. అందు పుట్టు ఆమ్లములే ఆవునకు ముఖ్యాహారము. అప్పుడే పుట్టిన దూడకడుపున ఇవి ఇంచుమించు లేవు. తల్లి నాకుటవలనను, పొదుగు కుడుచుటవలనను, మేతవలనను క్రమముగా చేరును.

ఇక శత్రువు సంగతి. హోసూరునకు పశుపోషణ క్రొత్త కాదు. ఇచ్చటి ప్రభుత్వ పశుక్షేత్రము 1824 లో స్థాపింపబడినది. పాడిని నష్టపరచు రోగములలో పొదుగువాపు ముఖ్యమైనది. దీనిని కలిగించు వానిలో స్టఫిలోకోకస్ ఆరియస్ ఒకటి. ఇది చనుమొన రంధ్రమున ప్రవేశించి లోపల పాచికట్టును. పైకి వాపు కనబడకున్నను పాలు తగ్గుచుండును. మందుతో నయమైనట్లుండి మరల తిరుగబెట్టును.

భీమవరమున 1895 లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948 లో లోకమునకు తెలియవచ్చెను. ఇట్టి మందులు ఎన్నో ప్రాణములను కాపాడినవి. కాని పాచిలోని బాక్టీరియాలను చంపుటకు, విడిగా నున్నవానికంటె ఒక్కొక్కప్పుడు వేయిరెట్లు మందు కావలసివచ్చును. జిగురు కొన్ని మందులను త్వరగా లోనికి పోనీయదు. లోపలివి ఆహారము చాలక మందముగా బ్రతుకుచుండుటచే, పెరుగుచున్న జీవులను చంపు మందు వానిపై సరిగా పనిచేయదు. లీవెన్‌హుక్ చూచినదియు ఇట్టిదే.

కావున పాచి ముదురకమునుపే రుద్ది తొలగింపవలెను. పాలపాత్రలను తొలిచిన చాలదు. అంచులు, మూలలు తోమి, వేడినీట కడిగి, ఎండబెట్టవలెను. పాలు పిదుకుటకు ముందు చేతులను, పొదుగును కడిగి తుడువవలెను. పిదికిన పిదప సుమారు అరగంటవరకు చనురంధ్రము పూర్తిగా మూసికొనదు. ఆ వేళ మేత వేసినచో ఆవు నిలిచియుండును, పేడనేలపై పరుండదు. మందును పశువైద్యుడు చెప్పినన్ని దినములు వాడవలెను. ఆయన చెప్పిన గడువు తీరువరకు ఆ పాలను ఎవ్వరికిని పోయరాదు.

బిడ్డల దంతముల విషయమును ఇట్టిదే. స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనునది తీపిపదార్థములలోని చక్కెరను జిగురుగా మార్చుకొని అంటును. అది పుట్టించు ఆమ్లము పంటి పైపొరను తినివేయును. నోరు పుక్కిలించుటచే ఇది పోదు. ఉదయమునను, రాత్రి పరుండబోవుటకు ముందును పళ్ళు తోమించుడు. ఐదారేండ్ల పిల్లలు తామే చక్కగా తోముకొనజాలరు గనుక, తల్లియో తండ్రియో ప్రక్కన నిలిచి తోమవలెను. దీనికి ఖర్చు స్వల్పము; కావలసినది ప్రతిదిన శ్రద్ధ మాత్రమే.