చేతికందే రంగులు

చిన్నారికి గది అనగానే గోడల నిండా కార్టూన్లు, పైకప్పు నిండా నక్షత్రాలు. ఫొటోకి బాగానే ఉంటాయి. కానీ ఆ గదిలో ఉండబోయే మనిషి ఎత్తు మూడడుగులు. చెన్నైలో పిల్లల గదికి రంగులద్దాలనుకునే తల్లిదండ్రులకు ఆ ఊరే నేర్పగల పాఠాలు కొన్ని ఉన్నాయి.

వేళచ్చేరిలోనో పోరూరులోనో రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో చిన్నగది ఇన్నాళ్లూ ఇస్త్రీ బట్టలకీ, సూట్‌కేసులకీ, నెల్లూరు నుంచో గుంటూరు నుంచో వచ్చే అమ్మమ్మ తాతయ్యలకీ. పాపకి మూడో ఏడు రాగానే ఆ గదికి మహర్దశ పడుతుంది. పెయింట్ల కొట్టులో ఇచ్చిన షేడ్ కార్డు సోఫా మీద పరుచుకుంటుంది. అమ్మది లేత గులాబీ, నాన్నది ఆకాశనీలం. మేనమామ ఫోన్లో పంపిన ఫొటోలో గోడంతా అడవి, అందులో జిరాఫీ మెడ సీలింగు దాకా. గదిలో ఉండబోయే పాపను తప్ప అందరినీ అడుగుతారు.

ఆ పాప నిలబడి చూస్తే కనిపించేవి గోడ కింది సగం, మంచం అంచు, నేల. పడుకుంటే తిరిగే ఫ్యాను. మనం డబ్బు పోసి చేయించే అలంకరణలో ముప్పాతిక భాగం ఆమె తలకు పైనే ఉంటుంది. జిరాఫీ ముఖం నాన్నకి బాగా కనిపిస్తుంది, పాపకి దక్కేది దాని కాళ్లే. పిల్లల గదిలో రంగు ఉండాల్సిన చోటు వాళ్ల చేతికందే మేర అని ఒప్పుకుంటే ఖర్చు, కొలతలు, కొనే వస్తువులు అన్నీ మారిపోతాయి.

అడయారులో ఆరంభం

ఈ మాటను ప్రపంచానికి గట్టిగా చెప్పిన మనిషి కొన్నాళ్లు చెన్నై వాస్తవ్యురాలే. ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి 1939 నవంబరులో మద్రాసు వచ్చారు. అడయారు దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానించారు. ఆల్కాట్ గార్డెన్స్‌లో తాటాకు పాకల కింద దేశం నలుమూలల నుంచి వచ్చిన దాదాపు 300 మందికి ఆమె శిక్షణ ఇచ్చారు. కొన్ని నెలలకని వచ్చిన ఆవిడ రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆమె పేరుమోసిన పుస్తకం ‘ది అబ్సార్బెంట్ మైండ్’ 1949లో అచ్చయింది కూడా ఇక్కడే.

1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో మొదటి పిల్లల ఇల్లు తెరిచాక ఆమె బరువైన బల్లలు తీసేయించి, పిల్లలు తామే జరుపుకోగల చిన్న కుర్చీలు, పొట్టి బల్లలు, చేతికందే అరలు చేయించారు. పడక విషయంలోనూ ఆమెది అదే మాట. నిద్రొస్తే బిడ్డ తనే వెళ్లి పడుకోవాలి, మెలకువొస్తే తనే దిగిరావాలి, మంచం ఆ ఎత్తులో ఉండాలి. ఇవాళ ఆన్‌లైన్‌లో ‘మాంటిస్సోరి బెడ్’ పేరుతో వేలకు వేలు పలుకుతున్నది ఇదే. చాప మీద బొంత పరిచి పిల్లల్ని పడుకోబెట్టిన మన నానమ్మలకు అది కొత్తేమీ కాదు.

రంగుల్నీ ఆమె ఆచితూచి వాడారు. ఆమె గులాబీ గోపురంలో పది ఘనాలు. సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా కొలత మారుతుంది, రంగు మాత్రం అన్నింటికీ ఒక్కటే. రంగుల పలకల మొదటి పెట్టెలో ఎరుపు, నీలం, పసుపు తప్ప మరొకటి ఉండదు. ఛాయలన్నీ చివరి పెట్టెలో వస్తాయి. పసిపిల్ల ముందు ఒక్కసారిగా ఇంద్రధనుస్సు గుమ్మరించకుండా ఒక్కో రంగుతో నెమ్మదిగా స్నేహం చేయించడం ఆ పద్ధతి.

ఎంత రంగు చాలు?

దీన్ని గట్టిపరిచే పరిశోధన ఒకటి 2014లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు కొన్ని పాఠాలు చార్టులు, బొమ్మలు కిక్కిరిసిన గదిలో, కొన్ని బోసి గోడల గదిలో చెప్పారు. అలంకరణ ఉన్న గదిలో పిల్లలు 38.6 శాతం సమయం పాఠం వదిలి దిక్కులు చూశారు, బోసి గదిలో 28.4 శాతం. తరగతి గదికి తేలిన లెక్కను పడగ్గదికి అచ్చంగా అన్వయించలేం. అయినా నిద్రపోవాల్సిన చోట కళ్లను పరుగెత్తించే బొమ్మలు ఎన్ని ఉండాలని అడగడం సబబే.

మరీ పసివాళ్లకైతే చూపే దగ్గరిది. అప్పుడే పుట్టిన బిడ్డ 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదాన్నే పోల్చుకుంటుంది. ఎత్తుకున్న తల్లి ముఖం ఉండేది ఆ దూరంలోనే. రంగులు బాగా తెలియడానికి నాలుగైదు నెలలు పడుతుంది. కాబట్టి పుట్టబోయే బిడ్డ కోసం ముందుగా వేయించే గోడ చిత్రాలు నిజానికి మన ముచ్చటకే.

గోడలకు తెలుపుకు దగ్గరైన లేత రంగు ఏదైనా చాలు. కావాలంటే ఒక్క గోడకు కాస్త ముదురు రంగు వేయించండి, అదీ మంచానికి తలవైపు గోడకు, పడుకున్న పిల్ల కళ్లకు ఎదురుగా ఉండకుండా. మిగతా రంగంతా మార్చుకోగలిగిన వస్తువుల్లో రావాలి.

రంగుబట్టల కోసం పుట్టిన ఊరు

ఆ వస్తువుల్లో మొదటిది బట్ట. దాని గురించి ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈస్టిండియా కంపెనీ 1639లో దామెర్ల నాయకుల అనుమతితో ఇక్కడ స్థలం సంపాదించడానికి ముఖ్య కారణం ఈ తీరంలో దొరికే నూలుబట్ట, అద్దకం బట్ట. తర్వాత 1734లో నేతవాళ్లను, అద్దకంవాళ్లను ఒకచోట చేర్చడానికే చింతాద్రిపేట వెలిసింది.

యూరప్ పడగ్గదులకు రంగులు దిద్దింది ఈ కోరమండల్ తీరమే. లండన్ రంగస్థల నటుడు డేవిడ్ గారిక్ మంచానికి మచిలీపట్నం కలంకారీ తెరలు బహుమతిగా వెళ్లాయి. మన అద్దకం తమ నేతగాళ్ల పొట్ట కొడుతోందని ఇంగ్లండు అప్పటికే దాన్ని నిషేధించింది. దాంతో 1775లో కస్టమ్స్ అధికారులు ఆ తెరలను పట్టుకుపోతే, వదిలిపెట్టమని ఆయన ఖజానా శాఖకు బతిమాలుతూ ఉత్తరం రాశాడు. ఆ మంచం ఇప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. డచ్చివాళ్లు చంటిపిల్లల చొక్కాలు, టోపీలు కూడా ఈ బట్టతోనే కుట్టించుకున్నారు.

అప్పుడు ఓడలెక్కి పోయినవే ఇప్పుడు బస్సెక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. 1935లో మొదలైన కో-ఆప్టెక్స్ దుకాణాల్లో చేనేత దుప్పట్లు, కర్టెన్ బట్ట దొరుకుతాయి. ఈరోడ్ దగ్గరి భవాని జంఖానా ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు చారలతో మందంగా ఉంటుంది. పిల్ల ఆట, బోర్లా పడుకుని బొమ్మలేయడం, సాయంత్రం కథలు అన్నీ దాని మీదే. మధురై సుంగుడి చీర పాతబడితే కిటికీకి తెర చేయండి. కలంకారీ ముక్కను కర్రకు దూర్చి వేలాడదీస్తే అదే గోడచిత్రం. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు బట్టే దిక్కు. గోడకు మేకు కొట్టొద్దన్న ఓనరుకైనా బట్టతో పేచీ ఉండదు, ఇల్లు మారినప్పుడు గది మొత్తం ఒక సంచిలో సర్దుకుని వెళ్లిపోవచ్చు.

గోడ సంగతి

గోడకు రంగు వేసే పనిలో చెన్నైవాళ్లకు రెండు చిక్కులు. మొదటిది తడి. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ఆ వెంటనే పొంగల్. పండక్కి ఇల్లు మెరవాలని జనవరి మొదటి వారంలో పెయింటర్‌ని పిలుస్తాం. సున్నం కొట్టే రోజుల్లో ఇబ్బంది లేదు, సున్నంలోంచి తడి బయటికి పోయేది. ఇప్పటి ప్లాస్టిక్ పెయింటు దాన్ని లోపలే బిగించేస్తుంది. మే నెలకల్లా పొక్కులు లేచి, చవుడు పూసి పెచ్చులూడతాయి. తిరువాన్మియూరు, బీసెంట్‌ నగర్‌ లాంటి సముద్రపు గాలి తగిలే పేటల్లో ఇంకా త్వరగా. ఊడిన పెచ్చులు మొదట చేరేది పిల్ల నోటికే. అందుకే గోడ బాగా ఆరాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని పెట్టుకోవడం మేలు. నీరు ఎక్కడి నుంచి దిగుతోందో చూసి ముందు దాన్ని ఆపించాలి. పుట్టీ పూత దానికి మందు కాదు.

రెండోది సీసం. ఎనామిల్ పెయింట్లలో మెరిసే పసుపు, నారింజ, ఎరుపు రంగుల కోసం ఏళ్ల తరబడి సీసం కలిసిన పొడులు వాడారు. పిల్లల గదికి మనం కోరేవీ ఆ రంగులే. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకు పర్వాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లో ఉంది. డబ్బా మీద ఆ సంగతి రాసి ఉందో లేదో చూడండి. అంతకుముందు రంగేసిన కిటికీ ఊచలు, తలుపులు, పాత ఉయ్యాల విషయంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. వాటిని పొడిగా గరుకు కాగితంతో రుద్దితే దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. తడిపి గీకించాలి, ఆ రోజుల్లో పిల్లను ఇంట్లో ఉంచకూడదు.

మూడడుగుల కింద

బొమ్మల కొలువు తెలిసిన ఇంటికి పిల్లల గది సర్దడం కష్టం కాదు. పైమెట్లు దేవుళ్లవి. మెట్ల ముందు నేల మాత్రం పిల్లలది, ఆవాలు మొలకెత్తించి పార్కు కట్టేదీ, ప్లాస్టిక్ పులిని నిలబెట్టేదీ వాళ్లే. గదిలోనూ ఆ వాటా వాళ్లకు రాసివ్వాలి.

పుస్తకాల వెన్నులు కాకుండా అట్టలు కనిపించేలా ఒక సన్నటి అర, పిల్ల కంటి ఎత్తులో. దానికి మించిన గోడ అలంకారం లేదు, పైగా వారానికోసారి మార్చుకోవచ్చు. ఆ అరలో పెట్టేవీ ఈ ఊరి సరుకే. 1996లో మొదలైన తూలిక తెలుగులోనూ పిల్లల పుస్తకాలు వేస్తోంది. 1994 నాటి తారా బుక్స్ గోండు చిత్రకారుల బొమ్మలతో సిల్క్‌స్క్రీన్ మీద చేత్తో అచ్చేసిన పుస్తకాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 1947 జులైలో ఇక్కడే పుట్టిన చందమామ పాత సంచికలు అటక మీద ఉంటే ముఖచిత్రాలకు ఫ్రేము కట్టించండి. విక్రమార్కుడి భుజాన శవం ఉన్నట్టు చిత్రకారుడు శంకర్ వేసిన బొమ్మ ఎంత గొప్పదైనా, పడగ్గదిలో మాత్రం వద్దు!

తెలుగు అక్షరాలకూ ఈ గదే చోటు. బడిలో పిల్లలకు తమిళం, ఇంగ్లీషు వస్తాయి, మన లిపి ఇంట్లో కనిపించకపోతే ఇంకెక్కడా కనిపించదు. మంచం పక్కన బ్లాక్‌బోర్డు పెయింటు వేసిన రెండడుగుల పట్టీ, రంగు సుద్దముక్కలు ఇస్తే పిల్ల ‘అ’ తనే దిద్దుకుంటుంది, తనే చెరుపుకుంటుంది.

బొమ్మలు బుట్టలో గుట్టపోయకుండా అరకు నాలుగైదు చొప్పున పెట్టి, మిగతావి దాచి అప్పుడప్పుడూ మార్చాలి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో తిప్పి, లక్కతో సహజ రంగులద్దే ఏటికొప్పాక బొమ్మలు, లక్కపిడతలు చేతికి నునుపుగా ఉంటాయి. నోట్లో పెట్టుకునే వయసైతే చిన్న ముక్కలున్నవి పక్కన పెట్టండి.

మొదలుపెట్టే ముందు

• మోకాళ్ల మీద కూర్చుని గది నాలుగు మూలలూ చూడండి. పదునైన అంచులు, ప్లగ్గులు, వేలాడే వైర్లు కనిపించేది అక్కడి నుంచే.

• పొట్టి బీరువా అయినా సరే గోడకు బిగించాలి. పిల్లలు సొరుగులను మెట్లు చేసుకుంటారు.

• మంచం కిటికీకి దూరంగా వేయండి. గ్రిల్లు ఉన్నా ఇది వర్తిస్తుంది.

• ఆరేళ్లు నిండని పిల్లను బంక్ బెడ్ పైఅంతస్తులో పడుకోబెట్టకూడదు.

• దోమతెర ఎలాగూ తప్పదు, రంగుది కొంటే అదే గుడారం.

• కొనుగోళ్ల వరుస తిరగేయండి. మొదట పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి జంఖానా, దుప్పటి తననే ఎంచుకోనివ్వండి. తర్వాత అరలు, బొమ్మలు. గోడకు షేడ్ కార్డు అన్నిటికన్నా ఆఖర్న తెరవండి. దుప్పటికి తగ్గ గోడ రంగు వందల్లో దొరుకుతుంది, గోడ రంగుకు తగ్గ దుప్పటి కోసం మాత్రం టీనగరంతా తిరగాలి.