వెండి జిగురును ఫ్రీజర్‌లో ఎందుకు దాస్తారు?

చిప్పును బోర్డుకు అతికించాలి, ఆ అతుకు గుండా కరెంటూ పారాలి. సోల్డర్ వేడి పనికిరాని చోట ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో వెండి కలిపిన ఎపాక్సీ జిగురు వాడతారు. నిజానికి ఎపాక్సీలో కరెంటు పారదు. అందులోని సన్నని వెండి రేకులే ఒకదానికొకటి తగులుకుని దారి వేస్తాయి.

కొన్ని రకాల్లో రెజిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం ముందే కలిపి సిరంజిలో నింపుతారు. కలిసిన క్షణం నుంచే వాటి మధ్య చర్య మొదలవుతుంది. బయట ఉంచితే జిగురు చిక్కబడి సూదిలోంచి దిగదు. చలిలో ఆ చర్య బాగా మందగిస్తుంది. అందుకే ఇలాంటి వాటిని మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాస్తారు.

మరి వాడేదెలా? బయటికి తీసిన సిరంజిని నిలబెట్టి, మూత తీయకుండా గది వేడికి రానివ్వాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలాగే దానికీ చెమట పడుతుంది. ఆ తడి పూర్తిగా పోయాకే మూత తీయాలి. తొందరపడితే తేమ జిగురులో చేరుతుంది. అతుకును గట్టిపరచడానికి ఓవెన్‌లో పెట్టినప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది, అతుకు బలం తగ్గుతుంది. అరచేతుల్లో రుద్ది కరిగించడమూ తప్పే. లోపలి జిగురు ఒకేలా కరగదు.

ఒకసారి కరిగినదాన్ని తిరిగి గడ్డకట్టించరు. తీసిన వేళను సిరంజి మీదే రాసి, గడువులోపు వాడేస్తారు.