లాలీ రోడ్డులో ముళ్ల కుటుంబం

కోయంబత్తూరు లాలీ రోడ్డులో, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో మద్రాస్ హెర్బేరియం ఉంది. ఊరు మారినా పేరు మారలేదు. 1853లో చెన్నపట్నంలో వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూ క్లెగ్‌హార్న్ పూనికతో మొదలైన ఈ ఎండుమొక్కల భాండాగారం, కొన్నాళ్లు ఊటీలో ఉండి 1909లో ఇక్కడికి దిగింది. 1955 నుంచి బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా చేతిలో ఉంది. బీరువాల్లో రెండున్నర లక్షలకు పైగా నమూనాలున్నాయి.

వాటిలో బెర్బెరిడేసీ కుటుంబానిది చిన్న వాటా. మన ఆయుర్వేద దుకాణాల్లో దారుహరిద్ర పేరుతో అమ్మే వేరు ఈ కుటుంబానిదే, కాకపోతే అది హిమాలయాల సరుకు. దక్షిణాదిన దాని చుట్టాలు నీలగిరి, పళని కొండల మీద, చలిగాలి తగిలే ఎత్తుల్లోనే బతుకుతాయి. 1819లో నీలగిరులెక్కిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెషెనో అక్కడి ముళ్లపొదకు బెర్బెరిస్ టింక్టోరియా అని పేరు పెట్టాడు. వేరు గీకితే చిక్కటి పసుపు. బట్టలకు అద్దకం రంగుగా పనికొచ్చేది. ఆ పసుపు బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్‌ది.

హెర్బేరియం అట్టకు అంటించాక మొక్క సగమే మిగులుతుంది. మూడు పాయల ముల్లు, ఆకు అంచు పళ్లు నిలుస్తాయి. పువ్వు పసుపు మాత్రం వెలిసిపోతుంది. పురుగు తాకగానే కేసరాలు చటుక్కున లోపలికి వంగే వింత అట్ట మీద కనిపించేది కాదు. అందుకే అసలు విలువంతా కింది మూల చీటీలో ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ కొండ మీద, ఎంత ఎత్తులో కోశారు, కాయ ఏ రంగులో ఉంది? పాతకాలపు దొరలు కొందరు ‘నీలగిరి’ అని ఒక్క ముక్క గీకి వదిలేశారు. జిల్లా అంతా వెతుక్కోమనా?

బెర్బెరిస్ నీల్‌గిరియెన్సిస్ సంగతి చూడండి. ఇది వేరే జాతి అని 1961లో వృక్షశాస్త్రజ్ఞుడు ఆరెంట్ ప్రకటించాడు. ప్రపంచంలో నీలగిరుల్లో తప్ప మరెక్కడా లేని ఈ పొద అంతరించే ముప్పు అంచున ఉంది. షోలా అడవుల మధ్య గడ్డిమైదానాలను తేయాకు, యూకలిప్టస్ తోటలు మింగేశాయి. ఫలానా గట్టున ఒకప్పుడు ఈ పొద ఉండేదనడానికి ఇలాంటి చీటీకి మించిన సాక్ష్యం దొరకదు. కోర్టు కాగితంలా దాన్ని కాపాడాలనిపిస్తుంది.

ఈ కుటుంబం మీద పాత నేరారోపణ ఒకటుంది. గోధుమకు కాండం కుంకుమ తెగులు తెచ్చే శిలీంధ్రం బార్బెరీ (బెర్బెరిస్) ఆకు మీద కూడా పెరుగుతుంది. అమెరికాలో 1918 నుంచి ఈ పొదలను వెతికి మరీ పెరికేశారు. మనదేశంలో మాత్రం ఏటా తెగులు రావడంలో వీటి పాత్ర లేనట్టేనని ఆగ్రా శాస్త్రవేత్త కె.సి. మెహతా తేల్చారు. వేసవిలో కొండల మీది గోధుమపైనే తెగులు బతికి, బీజాలు గాలితో మైదానాలకు దిగుతాయి. మన పొదలు అలా బతికిపోయాయి.

ఇదే కుటుంబంలోని మహోనియా ప్రజాతిని బెర్బెరిస్‌లో కలపాలా వద్దా అనే తగువు మాత్రం ఇంకా తెగలేదు. పేరు మారితే కొత్త చీటీ అంటిస్తారు, పాతది పీకరు. ఈ భాండాగారం నీలగిరులకే పరిమితం కాదు. గాంబుల్ మొదలుపెట్టగా ఫిషర్ పూర్తిచేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం (1915–36) పరిధిలో మన ఉత్తర సర్కారులు, రాయలసీమ కూడా ఉన్నాయి. తూర్పు కనుమల్లోని పాతకాలపు సేకరణలు చూడాలంటే తెలుగు విద్యార్థులు నేటికీ లాలీ రోడ్డుకు వెళ్లాల్సిందే.